వేదగ్రంథ పండితుడు అర్చ్యశిష్ట జెరోము

మన పాఠశాలలో నుదయ ప్రార్థనానంతరము పరిశుద్ధ గ్రంథమునుండి యొక భాగము చదువబడుట వాడుక. విద్యార్థులు తమ తమ యిండ్లనుండి తెచ్చుకొను బైబులులను ప్రక్కప్రక్కన నుంచి విషయసూచికలను పోల్చి చూచినచో నొక వింత కనబడును. కతోలిక కుటుంబమునకు చెందిన బాలుని గ్రంథమున 73 పుస్తకములుండగా, ప్రొటెస్టంటు కుటుంబమునకు చెందిన బాలుని గ్రంథమున 66 పుస్తకములే యుండును. నూత్న నిబంధనమున నిరువురకును 27 పుస్తకములే. భేదమంతయు పూర్వ నిబంధనముననే కలదు. ఈ భేదమెట్లు కలిగినది? ఈ పుస్తకములను మొదట నెవరు లెక్కించిరి? వీనిని మన మెట్లు చదువవలయును? అని పిల్లలు తఱచు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలకు సిద్ధాంతరూపమున జవాబు చెప్పుటకంటె, వీనితో జీవితమంతయు పెనుగులాడిన యొక మహాపండితుని చరిత్రమును చెప్పుట మేలని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆయన పేరు జెరోము.

చరిత్రమునకు ముందు బైబులు పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. బైబులను పదము పుస్తకములను నర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. పేరునకు తగినట్లే యది యొక్క పుస్తకము గాక యొక చిన్న గ్రంథాలయమై యున్నది. అనేక శతాబ్దముల కాలమున, హీబ్రూ, అరమాయికు, గ్రీకు భాషలలో, రాజులు, ప్రవక్తలు, కవులు, జాలరులు మొదలగు వారి ప్రయత్నమున నది యేర్పడినది. సర్వేశ్వరుడే యీ గ్రంథములకు కర్తయని కతోలిక శ్రీసభ బోధించుచున్నది. అయినను ఆయన మానవులను ప్రాణములేని కలములవలె వాడుకొనలేదు. వారి బుద్ధిని, భాషను, స్వభావమును నుపయోగించియే తాను వ్రాయింపదలచిన సత్యమును వ్రాయించెను. కావున వారును నిజమైన గ్రంథకర్తలే. మఱియు క్రీస్తు ప్రభువు తన శిష్యుల చేతికి పుస్తకమును వ్రాసి యియ్యలేదు. బోధింపుడని పంపెను. బోధ ముందు, వ్రాత తరువాత. సువార్తలు వ్రాయబడక పూర్వమే శ్రీసభ యున్నది. ఏ గ్రంథము దైవప్రేరితమో, ఏది కాదో గుర్తించి లోకమునకు తెలిపినదియు నా శ్రీసభ పరంపరయే.

పూర్వ నిబంధన గ్రంథములను క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దము మొదలుకొని యూదులు గ్రీకుభాషలోనికి తర్జుమా చేయసాగిరి. డెబ్బదిమంది పెద్దలు చేసిరను ప్రతీతివలన దానికి సప్తతి యనువాదమను పేరు కలిగినది. అపొస్తలుల కాలమున క్రైస్తవులు విరివిగా చదివినది యీ గ్రీకు గ్రంథమే. రోమను సామ్రాజ్యపు పడమటి భాగమున గ్రీకు తెలియనివారికై, దీనినుండి లాటినులోనికి పలువురు పలు విధముల తర్జుమాలు చేసిరి. ఆ తర్జుమాలను చేతితో నెత్తి వ్రాయువారు కొందరు నిద్రమత్తున తప్పులు వ్రాసిరి. కొందరు తమకు తోచినట్లు దిద్దిరి. నాలుగవ శతాబ్దము నాటికి లాటిను బైబులు ప్రతులలో నొకదాని కొకటి పొంతన కుదరని స్థితి కలిగెను. అట్టి సమయమున జెరోము జన్మించెను.

ఆయన జన్మస్థానము డల్మేషియా, పన్నోనియా దేశముల సరిహద్దునందలి స్ట్రిడోను పట్టణము. తరువాత గోతులు దానిని పాడుచేయుటచే నేడు దాని జాడ నిశ్చయముగా తెలియదు. జన్మసంవత్సరమును క్రీ. శ. 347 ప్రాంతమని పలువురు చరిత్రకారులు లెక్కింతురు. తండ్రి యూసేబియసు క్రైస్తవుడు, ఆస్తిపరుడు. కుమారుని బుద్ధిబలమును గుర్తించి ఆయన వానిని రోము నగరమునకు విద్యాభ్యాసమునకై పంపెను. అచ్చట సుప్రసిద్ధ వైయాకరణుడగు డొనాటసు వద్ద జెరోము వ్యాకరణము నభ్యసించెను. వర్జిలు కావ్యములును, సిసిరో యుపన్యాసములును ఆతని ప్రాణములయ్యెను. తాను చేతితో ప్రతులు వ్రాసికొని యొక సొంత గ్రంథాలయమును కూర్చుకొనెను. యౌవనమున కొంత స్వేచ్ఛగా తిరిగెననియు ఆయనయే తరువాత నొప్పుకొనియున్నాడు. అయినను ఆదివారములందు స్నేహితులతో కూడి భూగర్భమునందలి వేదసాక్షుల సమాధులను దర్శించుచుండెను. రోమునందే, సుమారు 366వ సంవత్సరమున, ఆయన జ్ఞానస్నానము పొందెను.

తరువాత గాల్ దేశమందలి ట్రీయరు నగరమునకును, పిదప ఇటలీలోని అక్విలియాకును పోయి, సన్యాస జీవితమందభిలాషగల మిత్రులతో కలసి కొంతకాలము గడపెను. వారిలో రుఫీనసు ముఖ్యుడు. ఆ మిత్రబృందము చెదరిపోగా జెరోము తూర్పుదేశములకు ప్రయాణమై, సుమారు 374లో సిరియాలోని అంతియొకయ చేరెను. అచ్చట తీవ్రమైన జ్వరమునకు లోనై మరణమునకు సమీపించెను. అప్పుడొక కల గనెను. తాను న్యాయాధిపతి సింహాసనము నెదుట నిలువబడినట్లును, నీ వెవరవని యడుగగా క్రైస్తవుడనని చెప్పినట్లును, ఆ మాట యసత్యమని, తాను సిసిరో శిష్యుడే గాని క్రీస్తు శిష్యుడు కాడని తీర్పు చెప్పి కొరడాలతో కొట్టించినట్లును ఆయనకు తోచెను. నాటినుండి లౌకిక గ్రంథములయందు తనకుగల శ్రద్ధకు మించిన శ్రద్ధతో వేదగ్రంథములను చదువ నిశ్చయించుకొనెను. అయినను నేర్చిన విద్య వ్యర్థము కాలేదు. డొనాటసు నేర్పిన వ్యాకరణమును, సిసిరో నేర్పిన శైలియు తరువాత బైబులు తర్జుమాకు సేవ చేసినవి.

జ్వరము తగ్గిన పిమ్మట ఆయన కాల్కిసు ఎడారికి పోయి తపస్సున నుండెను. ఎండకు దేహము నల్లబడెను. ఉపవాసములచే నెముకలు బయటపడెను. అయినను మనస్సు మాత్రము రోము నగరపు వినోదముల తలపులనుండి తప్పించుకొనలేకపోయెను. ఆ మనస్సును కట్టివేయుటకు ఆయన యొక విచిత్రమైన మందును కనుగొనెను. అది హీబ్రూ భాష. క్రైస్తవుడైన యొక యూదుని గురువుగా చేసికొని, మధురమైన లాటినుకు అలవడిన నాలుకతో, గొంతునుండి పలుకవలసిన ఆ కఠినాక్షరములను ముప్పదేండ్లకు సమీపించు వయస్సున ఓనమాలనుండి ప్రారంభించెను. ఎన్నియో సార్లు విసిగి విడిచిపెట్టెను. మఱల మఱల మొదలు పెట్టెను. ఆ చేదు విత్తనమునుండియే తాను తీయని ఫలములను పొందగలిగితినని వార్ధక్యమున కృతజ్ఞతతో తలచుకొనెను. పాఠము కష్టమైనంతనే పుస్తకము మూయు విద్యార్థులు ఈ ఘట్టమును జ్ఞాపకముంచుకొందురుగాక.

ఎడారినుండి అంతియొకయకు మఱలివచ్చిన తరువాత పౌలీనసు మేత్రాణి ఆయనకు గురుపట్ట మిచ్చెను. పిదప కాన్‌స్టాంటినోపిలులో నజియాంజు గ్రెగోరి వారి పాదములకడ కూర్చుండి వేదవ్యాఖ్యానము నేర్చెను. 382వ సంవత్సరమున రోములో జరిగిన సభకు మేత్రాణులతో కూడ వచ్చినప్పుడు, దమాసు పాపుగారు ఆయన పాండిత్యమును గుర్తించి తనకు కార్యదర్శిగా నియమించుకొనిరి. లాటిను సువార్తల ప్రతులను గ్రీకు మూలముతో పోల్చి సంస్కరింపవలసినదని పాపుగారే ఆయనను కోరిరి.

ఈ పని యెంత యపాయకరమో జెరోము ఎఱుగును. బాల్యమునుండి చెవులకు పరిచితమైన వాక్యములో నొక్క మాట మారినను, వృద్ధులును పండితులును పవిత్ర గ్రంథమును చెరచితివని తన్ను నిందింతురని ఆయన ముందుగనే చెప్పియున్నాడు. కావున ఆయన మితముగా కలమును నడపెను. ప్రాచీనమైన గ్రీకు ప్రతులను దగ్గర నుంచుకొని, అర్థము మారినచోట్ల మాత్రము దిద్ది, మిగిలినదానిని పూర్వమున్నట్లే విడిచెను. 384 నాటికి నాలుగు సువార్తలును సిద్ధమయ్యెను. అనుకొన్నట్లే నిందలును వచ్చినవి.

రోము నగరములో నాయనకు శిష్యులైనవారిలో స్త్రీలు ముఖ్యులు. అవెంటీను కొండపై మర్సెల్లా యను ఉన్నతకుటుంబపు విధవరాలి గృహమున వారు కూడి వేదపఠనము చేయుచుండిరి. మర్సెల్లా గురువు చెప్పినదానిని ఊరక నంగీకరించునది కాదు. ప్రశ్నమీద ప్రశ్న వేసి తృప్తి కలిగినంతవరకు విడువదు. ఆ బృందములో పౌలా యను సంపన్నురాలును, ఆమె కుమార్తెయగు యూస్టోకియమును ఉండిరి. కీర్తనలను మూలభాషలోనే పాడవలెనని పౌలా హీబ్రూ నేర్చెను. కాని నగరమందలి గురువుల విలాసజీవితమును జెరోము తన లేఖలలో చీల్చి చెండాడుటచే శత్రువులు పెరిగిరి. పౌలా మరియొక కుమార్తె బ్లెసిల్లా కఠిన తపస్సు ప్రారంభించిన కొలది నెలలకే 384లో మరణింపగా, ఆ మరణమునకు సన్యాసులే కారణమని జనులు కేకలు వేసిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో దమాసు పాపుగారును పరమపదించిరి. రక్షకుడు లేని జెరోము 385 ఆగస్టులో రోమును శాశ్వతముగా విడిచెను.

పౌలాయును యూస్టోకియమును ఆయన వెంట తూర్పుదేశములకు బయలుదేరిరి. వారు పాలస్తీనా పుణ్యస్థలములను దర్శించి, ఈజిప్టునకు పోయిరి. అలెగ్జాండ్రియాలో దిదిమసు అను పండితుడుండెను. ఆయన బాల్యమునందే చూపు కోల్పోయినను వేదగ్రంథములందు సాటిలేనివాడు. నెరసిన తలతో జెరోము ఆ యంధుని శిష్యుడై సందేహములను తీర్చుకొనెను. 386లో వారు క్రీస్తు ప్రభువు పుట్టిన బెత్లెహేములో స్థిరపడిరి. పౌలా ధనముతో పురుషులకొక మఠమును, స్త్రీలకు మఠములును, యాత్రికులకొక సత్రమును లేచినవి. జెరోము శేషజీవితమంతయు, అనగా ముప్పదినాలుగు సంవత్సరములు, అచ్చటనే గడచినది. ఆయన బెత్లెహేము బాలురకు పాఠములును చెప్పుచుండెను. జగద్విఖ్యాతుడగు పండితుడు పల్లెటూరి పిల్లలకు బడిపంతులగుట మావంటి యుపాధ్యాయులకు గర్వకారణము.

ఇచ్చటనే ఆయన జీవితమునందలి మహాకార్యము ప్రారంభమైనది. కైసరయ నగరమందలి గ్రంథాలయములో ఒరిజెను అను ప్రాచీన పండితుడు తయారుచేసిన బృహద్గ్రంథ ముండెను. అందు పూర్వ నిబంధనము ఆఱు వరుసలలో వ్రాయబడియుండెను. మొదటి వరుసలో హీబ్రూ మూలము, రెండవదానిలో గ్రీకు లిపిలో దాని యుచ్చారణ, మిగిలినవానిలో నాలుగు గ్రీకు తర్జుమాలు. జెరోము దానిని పరిశీలించినకొలది, సప్తతి యనువాదమునకును హీబ్రూ గ్రంథమునకును పలుచోట్ల భేదములున్నట్లు తెలిసికొనెను. తర్జుమాకు తర్జుమా చేయుట కుండనుండి కుండకు నీరు పోయుటవంటిది. ఏటికే పోయి త్రాగుట మేలని ఆయన నిశ్చయించెను. బరనీనాయను యూద పండితుని గురువుగా పిలిచెను. తన వారికి తెలిసినచో ప్రమాదమని ఆ గురువు రాత్రివేళ రహస్యముగా వచ్చి పాఠము చెప్పుచుండెను. యూదులకడ నేర్చుకొనుచున్నాడని క్రైస్తవులును ఆయనను నిందించిరి. ఇట్లు ఇరుపక్షముల భయము నడుమ, దీపపు వెలుతురున, లాటిను బైబులునకు పునాది పడినది.

సుమారు 390 మొదలు 405 వఱకు, పదునైదు సంవత్సరముల పాటు శ్రమించి ఆయన పూర్వ నిబంధన గ్రంథములను హీబ్రూనుండి లాటినులోనికి తర్జుమా చేసెను. కన్నులు మందగించినప్పుడు లేఖకులకు చెప్పి వ్రాయించెను. అయితే ఈ మహాకార్యమును లోకము వెంటనే మెచ్చుకొనలేదు. ఆఫ్రికాలోని ఓయా, అనగా నేటి లిబియా దేశపు ట్రిపోలి నగరములో, అచ్చటి మేత్రాణి యోనా గ్రంథమును జెరోము తర్జుమానుండి చదివించెను. ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క సొరతీగ యని తరతరములుగా వినియున్న జనులు, అది వేఱొక తీగయని చదువగనే కల్లోలము చేసిరి. ప్రజలు తన్ను విడిచిపోవుదురను భయముచే మేత్రాణి ఆ మాటను దిద్దవలసివచ్చెను. ఈ సంగతిని 403లో హిప్పో మేత్రాణియగు అగస్టీను జెరోమునకు వ్రాసెను. నిజమునకు హీబ్రూ గ్రంథమునందలి యా మొక్క మన ఆముదపు చెట్టని నేటి పండితులు పలువురు తలచుచున్నారు.

అగస్టీనుకును జెరోముకును జరిగిన యుత్తర ప్రత్యుత్తరములు చదువదగినవి. గ్రీకు క్రైస్తవులును లాటిను క్రైస్తవులును ఏకముగా చదువు సప్తతి యనువాదమును విడిచినచో శ్రీసభ యైక్యమునకు భంగము కలుగునని అగస్టీను భయపడెను. మూలమును విడిచినచో సత్యమునకు భంగము కలుగునని జెరోము వాదించెను. ఒక లేఖ దారితప్పి, జెరోముకు చేరకముందే ఇటలీలో నలుగురి చేతులలో తిరుగుటచే అపార్థములును కలిగెను. అయినను తుదకు వారిరువురు మిత్రులై, ఒకరినొకరు గౌరవించుకొనిరి. ఒకడు పాఠకసంఘము పక్షమున నిలిచెను. వేఱొకడు మూలాక్షరము పక్షమున నిలిచెను. ఈ రెండు పక్షములును శ్రీసభకు కావలసినవే.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. యూదుల హీబ్రూ గ్రంథావళిలో తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరాపుత్రుని జ్ఞానగ్రంథము, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథములు లేవు. ఎస్తేరు, దానియేలు గ్రంథములలోని కొన్ని భాగములును లేవు. సప్తతి యనువాదమును చదువు క్రైస్తవులు మాత్రము వీనినన్నిటిని వాడుచుండిరి. హీబ్రూ అక్షరములు 22 గనుక, హీబ్రూ గ్రంథములను 22గా లెక్కించి, వానికి వెలుపలివి ప్రామాణిక పట్టికలో చేరవని జెరోము రాజుల గ్రంథమునకు వ్రాసిన పీఠికలో తన యభిప్రాయమును తెలిపెను. కాని ఆఫ్రికాలో 393లో హిప్పోనందును, 397లో కార్తేజీనందును కూడిన మేత్రాణుల సభలు వీనిని వేదగ్రంథముల పట్టికలోనే చేర్చెను. 405లో మొదటి ఇన్నొసెంటు పాపుగారును ఒక మేత్రాణికి వ్రాసిన లేఖలో అట్టి పట్టికనే తెలిపిరి.

అప్పుడు జెరోము ఏమి చేసెను? తన పాండిత్యమును పట్టుకొని శ్రీసభనుండి వేరుపడెనా? లేదు. తోబీతు గ్రంథమును తర్జుమా చేయుమని ఇద్దరు మేత్రాణులు కోరగా, తన లెక్కకు వెలుపలిదైనను ఆ కోరికను మన్నించెను. ఆ గ్రంథము అరమాయికు భాషలో నుండుటచే, రెండు భాషలు తెలిసిన యొకనిని పిలిపించి, అతడు హీబ్రూలో చెప్పగా తాను లాటినులో చెప్పి లేఖకునిచే వ్రాయించి, ఒక్క దినములో ముగించెను. యూదితు గ్రంథమునకు ఒక్క రాత్రి పట్టెను. తక్కిన గ్రంథములు ఆయన చేయి తగులకయే పాత లాటిను రూపమున నిలిచినవి. ఆయన సందేహము పూర్తిగా తొలగెనని చెప్పలేము. అయినను తన వ్యాఖ్యానములలో నా గ్రంథములనుండి యుదాహరణములు తీసికొనుచునే యుండెను. పండితుని యభిప్రాయము వేరు, శ్రీసభ తీర్పు వేరు. మొదటిదానిని దాచలేదు, రెండవదానిని ధిక్కరింపలేదు.

బైబులును ఎట్లు చదువవలెనను విషయమున ఆయన లేఖయొకటి మనకు మిక్కిలి యుపయోగకరము. పౌలా కుమారుని భార్యయగు లేతా తన శిశువునకు విద్య యెట్లు నేర్పవలెనని యడుగగా జెరోము సవిస్తరముగా ప్రత్యుత్తరము వ్రాసెను. దంతముతో గాని, కొయ్యతో గాని చేసిన అక్షరములను బిడ్డ కాటవస్తువులుగా ఇయ్యవలెను. తోడిపిల్లలతో కలసి నేర్పవలెను. చిన్న బహుమానములిచ్చి ప్రోత్సహింపవలెను. కోపగించి విద్యయందు రోత పుట్టింపరాదు. తరువాత వేదపఠనమునకు ఆయన యొక క్రమమును చెప్పెను. మొదట కీర్తనలు, పిదప సామెతలు, ప్రసంగి, యోబు, అటుపై సువార్తలు, అపొస్తలుల కార్యములు, లేఖలు, ఆ తరువాత ప్రవక్తలు, చరిత్రగ్రంథములు, కట్టకడపట పరమగీతము. అనగా ముందు ప్రార్థన, పిదప సత్ప్రవర్తన, పిమ్మట క్రీస్తు, కడపట గూఢార్థములు. చేతికందిన పుటను తెరచి తోచిన యర్థమును చెప్పుకొనుట చదువు కాదని దీని భావము. మొదట మాటల సహజార్థమును తెలిసికొనవలెను. పిమ్మటనే ఆధ్యాత్మికార్థమును వెదకవలెను. గురువు లేక ఆ దారిని నడచుట ప్రమాదమని ఆయన యభిప్రాయము.

మహనీయుల దోషములను దాచుట చరిత్రకారునికి తగదు. జెరోము కోపిష్ఠి. ఆయన కలము కత్తివంటిది. బాల్యమిత్రుడగు రుఫీనసుతో ఒరిజెను బోధలను గూర్చి వివాదము కలుగగా, ఆ వివాదము వైరముగా మారెను. రుఫీనసు మరణించిన తరువాతకూడ జెరోము ఆతని నెగతాళి చేయుట మానలేదు. తర్జుమాలోను పొరపాట్లు లేకపోలేదు. మోషే ముఖము ప్రకాశించెనని చెప్పవలసినచోట, ఆ హీబ్రూ మాటకు కొమ్ములను నర్థముకూడ నుండుటచే, కొమ్ములు గలదని లాటినులో వ్రాసెను. అందుచేతనే మైకెలాంజెలో చెక్కిన సుప్రసిద్ధమైన మోషే విగ్రహమునకు రెండు కొమ్ములు కలవు. దైవప్రేరణ మూలగ్రంథకర్తలకే గాని తర్జుమాదారునకు లేదని దీనివలన తెలియుచున్నది.

ఆయన వార్ధక్యము దుఃఖములతో నిండినది. 404లో పౌలా మరణించెను. 410లో గోతులు రోము నగరమును దోచిరి. ఆ దోపిడిలో దెబ్బలు తిన్న మర్సెల్లా కొలదికాలమునకే కన్నుమూసెను. ఆ వార్త విని, యెహెజ్కేలు వ్యాఖ్యానము వ్రాయుచున్న జెరోము దుఃఖభారముచే కలమును క్రింద పెట్టెను. శరణార్థులు గుంపులుగా బెత్లెహేమునకు వచ్చుచుండగా, పగలు వారికి సేవచేసి రాత్రి దీపము కడ మఱల వ్రాయసాగెను. 416లో దుండగులు ఆయన మఠములమీద పడి నిప్పు పెట్టిరి. ఒక డీకను ప్రాణము కోల్పోయెను. జెరోము ఎట్లో తప్పించుకొనెను. యిర్మీయా వ్యాఖ్యానము అసంపూర్ణముగా నుండగనే, 420వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన ఆయన మరణించెనని పరంపరగా లెక్కింపబడుచున్నది. ఆ దినమే ఆయన పండుగ. చిత్రపటములలో ఆయన ప్రక్క సింహమును, ఆయనకు ఎఱ్ఱని కార్డినలు వస్త్రములను చూపుట చిత్రకారుల కల్పన. సింహపు కథ వేఱొక తపస్వినిదై యుండునని పండితులు చెప్పుదురు.

జీవించియున్నప్పుడు నిందలు పొందిన తర్జుమా కాలక్రమమున పశ్చిమ దేశములన్నిటికి బైబులయ్యెను. లోకవాడుక గలదను నర్థమున దానికి వుల్గాత యను పేరు వచ్చెను. 1455 ప్రాంతమున గుటెన్‌బెర్గు అచ్చొత్తిన బైబులు ఇదియే. పదునాఱవ శతాబ్దమున సంస్కర్తలు హీబ్రూ పట్టికనే యంగీకరించి, తక్కిన ఏడు గ్రంథములను వేఱుపరచిరి. 1534లో ప్రకటితమైన లూథరు బైబులులో నవి రెండు నిబంధనముల నడుమ వేఱుగ నుంచబడినవి. ఆంగ్ల సభవారి 39 సూత్రములలో ఆఱవది, ఈ గ్రంథముల విషయమున జెరోము పేరునే పేర్కొనుచున్నది. కతోలిక శ్రీసభ 1546 ఏప్రిలు 8వ తేదీన ట్రెంటు మహాసభయందు ప్రాచీన పరంపరను బట్టి పూర్తి పట్టికను నిర్ణయించి, జెరోము పేరుతో వెలసిన వుల్గాతనే బహిరంగ పఠనమునకు ప్రామాణికమని ప్రకటించెను. ఇట్లు రెండు విధముల బైబులులకు వెనుకను ఒక్క జెరోమే నిలిచియున్నాడు. ఒకరు ఆయన యభిప్రాయమును గైకొనిరి. ఒకరు ఆయన తర్జుమాను, విధేయతను గైకొనిరి.

ఆయన యారంభించిన పరిశోధన నేటికిని ఆగలేదు. 1896లో కైరో నగరమునుండి వచ్చిన పాత కాగితములలో సీరాపుత్రుని గ్రంథపు హీబ్రూ భాగము గుర్తింపబడెను. 1947 మొదలు మృతసముద్రపు గుహలలో దొరకిన ప్రతులలో తోబీతు గ్రంథపు అరమాయికు, హీబ్రూ తునుకలు బయటపడెను. 1943 సెప్టెంబరు 30న, అనగా జెరోము పండుగ దినముననే, పన్నెండవ పయసు పాపుగారు ఒక విశ్వలేఖను ప్రకటించి, మూలభాషలను నేర్చి, ఆ కాలపు రచనాపద్ధతులను తెలిసికొని, గ్రంథకర్త చెప్పదలచిన యర్థమును వెదకవలెనని పండితులను ప్రోత్సహించిరి. 1965లో రెండవ వాటికను మహాసభ, వేదగ్రంథమును పవిత్ర పరంపరతో కలిపి, అది వ్రాయబడిన యాత్మతోనే చదువవలెననియు, విశ్వాసులందఱకు అది సులభముగా లభింపవలెననియు బోధించినది.

విద్యార్థులారా! ఒకని బైబులున ఏడు పుస్తకములు ఎక్కువయున్నవనియో, తక్కువయున్నవనియో తోడివానిని పరిహసింపకుడు. ఆ భేదము వెనుక పదునాఱు శతాబ్దముల చరిత్ర కలదు. మీ చేతిలోని గ్రంథము ఆకాశమునుండి యూడిపడినది కాదు. ప్రవక్తలు దానిని వ్రాసిరి, లేఖకులు కాపాడిరి, శ్రీసభ గుర్తించినది, ఒక వృద్ధుడు రాత్రివేళ దీపము కడ కన్నులు పోగొట్టుకొని తర్జుమా చేసెను. అట్టి గ్రంథమును చదువుటకు మూడు కావలెను. మాట యర్థమును తెలిసికొను శ్రమ, గురువు నడుగు వినయము, చదివినదాని ప్రకారము నడచుకొను మనస్సు. మొదటి రెండును జెరోముకు సమృద్ధిగా నుండెను. మూడవదానికొఱకు, తన కోపముతో పోరాడుచు, ఆయన కడవఱకును ప్రయాసపడెను. మనమును అట్లే ప్రయాసపడుదము.